నారుమడిలో పంట లెక్క: పటకెట్ జట్టు, 1981

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊళ్లో రఫ్‌రైడర్స్ అని ఒక బేస్‌బాల్ టీమ్ ఉంది, బేస్‌బాల్‌లో అన్నిటికంటే పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆడే టెక్సస్ రేంజర్స్ కంటే రెండు మెట్లు కింద ఆడుతుంది. వేసవి సాయంత్రం పిల్లల్ని తీసుకుని వెళ్లడానికి మంచి చోటు. టికెట్ మేజర్ లీగ్ మ్యాచ్ అంత ఉండదు, అవుట్‌ఫీల్డ్ వెనకాల నీళ్లలో తేలుతూ ఆట చూసే కొలను కూడా ఉంది. కానీ ఇంటికొచ్చాక "ఎవరు గెలిచారు?" అని ఎవరైనా అడిగితే చాలామందికి గుర్తుండదు.

అందులో వాళ్ల తప్పేం లేదు. మైనర్ లీగ్ జట్టు గెలిచిందా ఓడిందా అన్నది ఆ జట్టు ఆటగాళ్లకి జీతాలిచ్చే వాళ్లకే రెండో విషయం. మొదటి విషయం ఏమిటంటే, పైకి పంపడానికి ఎవరు తయారయ్యారు? క్రికెట్ చూసి పెరిగినవాళ్లకి ఇది వెంటనే మింగుడుపడదు. రంజీలో హైదరాబాద్ గెలిస్తే హైదరాబాద్ గెలిచినట్టే, ఆ కప్పుకి ఒక విలువుంది, ఆ పాయింట్ల పట్టికకి ఒక అర్థముంది. మైనర్ లీగ్ బేస్‌బాల్‌లో మాత్రం పాయింట్ల పట్టిక చూసి ఒక సీజన్ ఎలా గడిచిందో చెప్పడం దాదాపు అసాధ్యం. దానికి వేరే లెక్క ఉంది, ఆ లెక్క ఎలా వేయాలో చూడటానికి 1981లో పటకెట్ రెడ్ సాక్స్ ఆడిన సీజన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

ముందు ఈ ఏర్పాటు సంగతి. మేజర్ లీగ్‌లో 30 జట్లు, ఒక్కోదాని కింద ఇప్పుడు నాలుగేసి మైనర్ లీగ్ జట్లు, అంటే మొత్తం 120. అడుగున సింగిల్-ఎ, దానిపైన హై-ఎ, ఆపైన డబుల్-ఎ, అన్నిటికంటే పైన ట్రిపుల్-ఎ. ట్రిపుల్-ఎ నుంచి ఒక్క ఫోన్ కాల్ దూరంలో మేజర్స్. దీన్ని అమెరికాలో ఫార్మ్ సిస్టమ్ అంటారు, సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టుని నడిపిన బ్రాంచ్ రికీ 1920లలో దీనికి రూపం ఇచ్చాడు. పక్క జట్ల దగ్గర డబ్బు పోసి ఆటగాళ్లని కొనే స్తోమత కార్డినల్స్‌కి లేదు, అందుకని కుర్రాళ్లని చిన్నప్పుడే చవగ్గా తెచ్చుకుని తామే పెంచుకుందామని చిన్న ఊళ్ల జట్లని చేతిలో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఫార్మ్ అన్నారు కానీ, వరి పండించే ఊళ్లలో పుట్టినవాళ్లకి ఇంకా సరైన మాట తెలుసు: నారుమడి. నారుమడిలో ఎవరూ పంట కోయరు. మొక్క ఎదిగిందనుకోగానే పీకి ఇంకో పొలంలో నాటేస్తారు, మడి ఖాళీ అయిపోతుంది, అలా ఖాళీ అవడమే దాని పని.

ఆటగాడి జీతం పై జట్టు ఇస్తుంది. ఎవరు ఎక్కడ ఆడాలి, ఏ పిచ్చర్ ఎన్ని బంతులు వేయాలి, ఎవరిని ఎప్పుడు పైకి పిలవాలి అన్నీ పై జట్టే చెబుతుంది. కింది ఊళ్లో జట్టు యజమానికి మిగిలేది స్టేడియం, టికెట్లు, తినుబండారాలు, సీటు తుడిచి ఉంచడం. జట్టు ఊపుమీద ఉండి వరసగా గెలుస్తోందనుకోండి, సరిగ్గా అప్పుడే బాగా ఆడుతున్న ఇద్దరు వెళ్లిపోతారు. అభిమానులు దానికి చప్పట్లు కొట్టాలి, కొడతారు కూడా.

పటకెట్ రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఒక మిల్లుల ఊరు. అమెరికాలో నీటి బలంతో పత్తి వడికిన తొలి మిల్లు ఇక్కడిదే, 1793 నాటి స్లేటర్ మిల్లు భవనం ఇప్పటికీ ఉంది. బట్టల మిల్లులు దక్షిణాదికి తరలిపోయాక ఊరు నీరసించిపోయింది. 1942లో కట్టిన మెకాయ్ స్టేడియంలో బోస్టన్ రెడ్ సాక్స్ వాళ్ల ట్రిపుల్-ఎ జట్టు ఆడేది, అదీ అప్పుల్లో మునిగి దివాళా తీస్తే 1977లో బెన్ మోండోర్ అనే ఆయన కొన్నాడు. మిల్లుల వ్యాపారంలోనే సంపాదించినవాడు. స్టేడియం బాగుచేయించి, కుటుంబాలు ధైర్యంగా రాగలిగే చోటుగా మార్చాడు.

ఆ స్టేడియంలో ఒక విచిత్రం ఉండేది. ఆటగాళ్లు కూర్చునే డగౌట్ ప్రేక్షకుల వరసల కంటే కిందుగా, నేలమట్టంలో ఉంటుంది, పిల్లలు వంగి చూసినా ఆటగాడి మొహం కనిపించదు. అందుకని పిల్లలు ఇంటినుంచి ఖాళీ పాల డబ్బా తెచ్చేవాళ్లు, పక్కన కత్తిరించి కన్నం చేసి, అందులో ఒక బంతీ ఒక పెన్నూ పెట్టి, తాడు కట్టి, బావిలోకి చేద వేసినట్టు డగౌట్ ముందుకి దించేవాళ్లు. కింద ఎవరో ఒక చెయ్యి వచ్చి బంతి తీసుకుని సంతకం పెట్టి మళ్లీ డబ్బాలో వేసేది. పిల్లాడు తాడు లాక్కునేవాడు. సంతకం ఎవరిదో పైకొచ్చాకే తెలుస్తుంది, తెలిసినా ఆ పేరు రేపు ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

1981లో ఆ డగౌట్‌లో కూర్చున్నవాళ్లలో వేడ్ బాగ్స్ ఒకడు. థర్డ్ బేస్‌లో ఆడతాడు (మైదానంలో నాలుగు బేస్‌లు ఉంటాయి, బ్యాటర్ వాటిని వరసగా చుట్టి మొదలైన చోటికి, అంటే హోమ్‌కి, తిరిగొస్తే ఒక పరుగు; ఒక్కో బేస్ దగ్గర ఒక ఫీల్డర్), వయసు 22, అప్పుడే అతనికి మైనర్స్‌లో ఆరో ఏడు. 1976లో, జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఏడో రౌండ్‌లో తీసుకున్నారు, అంటే పెద్ద ఆశలేవీ పెట్టుకోకుండా. పరుగెత్తలేడని, ఫీల్డింగ్ అంతంతమాత్రమని, సిక్సర్ లాంటి హోమ్ రన్‌లు కొట్టలేడని పేరు. 1981లో అతని బ్యాటింగ్ సగటు .335, అంటే వెయ్యి ప్రయత్నాలకి 335 హిట్ల చొప్పున, లీగ్ మొత్తంలో మొదటి స్థానం. మరి ఎందుకు పైకి పిలవలేదు? ఎందుకంటే అదే సంవత్సరం బోస్టన్‌లో థర్డ్ బేస్ ఆడుతున్న కార్నీ లాన్స్‌ఫర్డ్ సగటు .336, మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ మొత్తంలో మొదటి స్థానం. కింద నంబర్ వన్, పైన నంబర్ వన్, ఇద్దరిదీ ఒకే కుర్చీ.

మైనర్ లీగ్ గురించి అర్థం చేసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే. కింద నువ్వు ఎంత బాగా ఆడావన్నది సగం లెక్క, మిగతా సగం నీ స్థానంలో పైన ఎవడు కూర్చున్నాడు, వాడికి ఎప్పుడు దెబ్బ తగులుతుంది, వాడిని ఎప్పుడు అమ్మేస్తారు అన్నదాని మీద ఉంటుంది. బాగ్స్ 1982లో ఎలాగో జట్టులో చోటు సంపాదించినా బెంచీ మీదే ఎక్కువ కూర్చున్నాడు. జూన్‌లో లాన్స్‌ఫర్డ్ కాలి చీలమండకి దెబ్బ తగిలింది, బాగ్స్‌కి రోజూ ఆడే అవకాశం వచ్చింది, సీజన్ అయ్యేసరికి సగటు .349. ఆ చలికాలంలోనే లాన్స్‌ఫర్డ్‌ని ఓక్లాండ్‌కి పంపించేశారు. ఆ చీలమండ దెబ్బ తగలకపోయి ఉంటే 3,010 హిట్లు, ఐదు బ్యాటింగ్ టైటిళ్లు, 2005లో హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకి బేస్‌బాల్ ఇచ్చే అత్యున్నత గౌరవం), ఇవన్నీ ఎంత ఆలస్యమయ్యేవో, అసలు జరిగేవో లేదో.

ఫస్ట్ బేస్‌లో డేవ్ కోజా. వయోమింగ్ రాష్ట్రంలో టారింగ్టన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు, బలంగా కొట్టేవాడు, మంచి ఫీల్డర్. అతను ట్రిపుల్-ఎలో ఎదురుచూస్తున్న రోజుల్లో బోస్టన్ ఫస్ట్ బేస్‌కి టోనీ పెరెజ్‌ని తెచ్చుకుంది, తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లినవాడు. కోజా ఎదురుచూశాడు.

వీళ్లందరికీ మేనేజర్ జో మోర్గన్ (అదే పేరుతో ఉన్న ప్రఖ్యాత సెకండ్ బేస్‌మన్ వేరు). పక్క రాష్ట్రం మసాచుసెట్స్‌లోని వాల్‌పోల్ వాడు. సీజన్ అయిపోయాక చలికాలంలో హైవే మీద మంచు తోసే బండి నడిపేవాడు. ట్రిపుల్-ఎ మేనేజర్, దేశంలో ఇంకో ముప్పై మందికి కూడా లేని ఉద్యోగం, అయినా ఇల్లు గడవడానికి మంచు తోసే పని కావాల్సి వచ్చింది. ఆ ఒక్క వివరం చాలు ఆ కాలంలో మైనర్స్ ఆర్థిక పరిస్థితి చెప్పడానికి.

ఇప్పుడు ఆ రాత్రి దగ్గరికి వద్దాం. 1981 ఏప్రిల్ 18, శనివారం, మర్నాడు ఈస్టర్. రోచెస్టర్ రెడ్ వింగ్స్‌తో మ్యాచ్, అది బాల్టిమోర్ ఓరియోల్స్ వాళ్ల ట్రిపుల్-ఎ జట్టు. లైట్లు సరిగ్గా వెలగక అరగంట ఆలస్యంగా, ఎనిమిదింటికి మొదలైంది. టికెట్ కొన్నవాళ్లు 1,740 మంది. చలి, పైగా అవుట్‌ఫీల్డ్ నుంచి బ్యాటర్ మొహం మీదకి కొట్టే ఎదురుగాలి.

బేస్‌బాల్‌లో ఒక్కో జట్టుకి తొమ్మిదిసార్లు బ్యాటింగ్ వస్తుంది, మూడు వికెట్లు పడితే ఒకసారి అయిపోయినట్టు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక స్కోర్లు సమానమైతే డ్రా అని చేతులు కలుపుకుని వెళ్లడం ఉండదు, తేలేదాకా ఇంకో ఇన్నింగ్స్, ఇంకో ఇన్నింగ్స్. ఏడో ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ ఒక పరుగు తీసింది, తొమ్మిదో ఇన్నింగ్స్ చివర్లో, ఓడిపోయే అంచున, పటకెట్ సమం చేసింది. అక్కణ్ణుంచి బండి ఆగిపోయింది. పది, పదిహేను, ఇరవై. ఎవరూ పరుగు తీయరు. 21వ ఇన్నింగ్స్‌లో రోచెస్టర్ క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టేవాడు) డేవ్ హపర్ట్ డబుల్, అంటే సెకండ్ బేస్ దాకా చేర్చే హిట్, కొట్టి 2-1 చేశాడు, హమ్మయ్య ఇంటికి పోవచ్చు అనుకునేలోపు బాగ్స్ డబుల్ కొట్టాడు, కోజా హోమ్‌కి పరుగెత్తాడు, 2-2. తన జట్టువాళ్లు తనని కావలించుకోవాలనుకున్నారో గుద్దాలనుకున్నారో అర్థం కాలేదని బాగ్స్ తర్వాత చెప్పాడు.

లీగ్ నియమాల్లో అర్ధరాత్రి దాటాక 12:50 తర్వాత కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదని ఉండేది. ఆ సంవత్సరం అంపైర్లకి ఇచ్చిన పుస్తకంలో ఆ ఒక్క వాక్యం ఎగిరిపోయింది. అంపైర్లు పుస్తకం చూశారు, అందులో లేదు, ఆడమన్నారు. 22వ ఇన్నింగ్స్‌లో అంపైర్‌తో వాదన పెట్టుకున్నందుకు మేనేజర్ మోర్గన్‌ని బయటికి పంపేశారు, ఆయన ఇంటికి వెళ్లలేదు, క్యాచర్ వెనక గోడలో ఒక కన్నం ఉంటే అందులోంచి చూస్తూ నిలబడ్డాడు. 26వ ఇన్నింగ్స్‌లో సామ్ బోవెన్ కొట్టిన బంతి స్టేడియం దాటిపోయిందనే అనుకున్నారు, గాలి దాన్ని వెనక్కి తెచ్చి ఫీల్డర్ చేతిలో పెట్టింది. ఆటగాళ్లు ఇనప డ్రమ్ముల్లో విరిగిన బ్యాట్లు వేసి మంట పెట్టుకుని చేతులు కాచుకున్నారు.

పటకెట్ పిచ్చర్ లూయిస్ అపోంటే ఏడు నుంచి పదో ఇన్నింగ్స్ దాకా వేసి, తన పని అయిపోయింది కాబట్టి తెల్లవారుజామున ఇంటికెళ్లాడు. తలుపు దగ్గర భార్య, ఇంతసేపూ ఎక్కడున్నావని. మ్యాచ్ ఆడుతున్నా అంటే నమ్మలేదు. పొద్దున పేపర్లో చూడు అన్నాడు. పేపర్లో ఏమీ లేదు, ఎందుకంటే పేపర్ అచ్చుకి వెళ్లేసరికి మ్యాచ్ అవ్వలేదు.

వీటిని నవ్వుకునే కథలుగా చెప్పుకుంటారు. కానీ స్కోరుకార్డుని నెమ్మదిగా చదివితే నవ్వు రాదు. రోచెస్టర్ సెంటర్ ఫీల్డర్ డాలస్ విలియమ్స్ 13 సార్లు ప్రయత్నించి ఒక్క హిట్ కొట్టలేదు. పటకెట్ బ్యాటర్ రస్ లారిబీ 11 సార్లలో సున్నా, అందులో ఏడు స్ట్రైకౌట్లు, అంటే బంతి కొట్టలేక మూడుసార్లు తప్పి అవుట్ అవడం. సీజన్ మొదలై కొద్ది రోజులే అయింది, అంటే ఒక్క రాత్రిలో ఒక ఆటగాడి సగటు పాతాళానికి పోయింది, ఆ సగటే పై జట్టు ఆఫీసులో అతని మొహం. పదమూడోసారి కూడా బ్యాట్ పట్టుకుని వెళ్లాడు విలియమ్స్. హపర్ట్ 31 ఇన్నింగ్స్ క్యాచర్‌గా ఉన్నాడు. క్యాచర్ అంటే ప్రతి బంతికీ గొంతుక్కూర్చుని లేవాలి. ఏడు గంటలకి పైగా అలా కూర్చుని లేచిన మోకాళ్ల గురించి ఒక్క నిమిషం ఆలోచించండి.

అందరికంటే మనసులో నిలిచిపోయేది రోచెస్టర్ పిచ్చర్ జిమ్ అంబార్గర్. అతను 1975 నుంచి 1978 దాకా మేజర్స్‌లో వేసి కిందికొచ్చినవాడు. మైనర్స్‌లో ఇలాంటివాళ్లు ప్రతి జట్టులో ఉంటారు, పైన ఎలా ఉంటుందో రుచి చూసి, మళ్లీ ఒకసారి వెళ్లాలని చూసేవాళ్లు. 23వ ఇన్నింగ్స్‌లో బంతి అందుకుని 32వ ఇన్నింగ్స్ దాకా పది ఇన్నింగ్స్ వేశాడు, గడ్డకట్టే చలిలో, రాత్రి రెండు, మూడు, నాలుగు గంటలకి, ఒక్క పరుగు ఇవ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ పరుగివ్వకుండా వేస్తే పిచ్చర్ జీవితంలో చెప్పుకునే రోజు అది. అంబార్గర్ అంతకంటే ఎక్కువ వేశాడు, ఖాళీ స్టేడియంలో. అతను మళ్లీ ఎప్పుడూ మేజర్స్‌లో ఆడలేదు.

చివరికి లీగ్ ప్రెసిడెంట్ హెరాల్డ్ కూపర్ ఫోన్‌లో దొరికాడు, ఇంకా ఆడుతున్నారా అని అదిరిపోయి ఆపేయమన్నాడు. 32 ఇన్నింగ్స్ అయ్యాక, తెల్లవారుజాము 4:07కి ఆపారు. స్టాండ్స్‌లో మిగిలింది 19 మంది. మోండోర్ వాళ్లకి పాస్‌లు ఇచ్చి పంపాడు. ఆటగాళ్లు బయటికొచ్చేసరికి ఈస్టర్ ప్రార్థనకి జనం బయల్దేరుతున్నారు. అదే రోజు వాళ్లకి ఇంకో మ్యాచ్ ఉంది, వచ్చి ఆడారు.

అంతకుముందు ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అత్యంత పొడవైన మ్యాచ్ 1966లో ఫ్లోరిడా స్టేట్ లీగ్‌లో ఆడిన 29 ఇన్నింగ్స్. దాన్ని దాటేశారు, ఇంకా ఫలితం తేలలేదు.

మిగిలిన భాగం జూన్ 23న. ఈలోపు జూన్ 12న మేజర్ లీగ్ ఆటగాళ్లు సమ్మెకి దిగారు. దేశమంతా స్పోర్ట్స్ రిపోర్టర్లకి రాయడానికి బేస్‌బాల్ లేదు, అందరూ పటకెట్‌కి దిగారు. స్టేడియంలో 5,746 మంది. ఇక్కడ ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది. సమ్మె చేసింది ఆటగాళ్ల యూనియన్, మైనర్స్‌లో ఉన్న చాలామందికి అందులో సభ్యత్వమే లేదు. పైవాళ్ల హక్కుల కోసం పెద్ద స్టేడియాలు మూతపడ్డాయి కాబట్టి, ఏ హక్కులూ లేని వీళ్ల మీద ఒక్క సాయంత్రం కెమెరాలు తిరిగాయి.

18 నిమిషాల్లో అయిపోయింది. పటకెట్ తరఫున బాబ్ ఓహీడా వేశాడు, రోచెస్టర్‌కి పరుగు రాలేదు. ఇన్నింగ్స్ రెండో సగంలో, పటకెట్ బ్యాటింగ్‌కి వచ్చినప్పుడు, స్టీవ్ గ్రిల్లీ వేసిన బంతి మార్టీ బారెట్‌కి తగిలింది, ఫస్ట్ బేస్ దొరికింది. చికో వాకర్ హిట్ కొట్టాడు. లారిబీకి కొట్టే బంతి వేయకుండా కావాలనే ఫస్ట్ బేస్ ఇచ్చేసి మూడు బేస్‌లూ నింపారు. గ్రిల్లీ స్థానంలో క్లిఫ్ స్పెక్ వచ్చాడు. బ్యాట్ పట్టుకుని వచ్చింది డేవ్ కోజా. ఎడమ వైపు కొట్టాడు, బారెట్ హోమ్‌కి చేరాడు. 3-2, 33 ఇన్నింగ్స్, 8 గంటల 25 నిమిషాలు. మ్యాచ్ మొత్తంలో కోజాకి 14 సార్లలో 5 హిట్లు, బాగ్స్‌కి 12లో 4. రోచెస్టర్ థర్డ్ బేస్‌లో ఆడిన 20 ఏళ్ల కుర్రాడికి 13లో 2. ఆ కుర్రాడు కాల్ రిప్కెన్ జూనియర్.

ఇక లెక్క వేద్దాం. రిప్కెన్‌ని ఆగస్టులో బాల్టిమోర్ పిలిచింది. తర్వాత 2,632 మ్యాచ్‌లు వరసగా, ఒక్కటి కూడా మానకుండా ఆడాడు, 2007లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆ రాత్రి అతని పక్కనే షార్ట్‌స్టాప్‌లో (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య) ఆడిన బాబీ బానర్ మీద కూడా బాల్టిమోర్‌కి ఆశలుండేవి, మేజర్స్‌లో 61 మ్యాచ్‌లు దొరికాయి, ఆ తర్వాత జాంబియా వెళ్లి క్రైస్తవ మిషనరీగా స్థిరపడ్డాడు. బానర్‌కని అనుకున్న షార్ట్‌స్టాప్ స్థానానికి 1982లో రిప్కెన్‌ని మార్చారు, అతనికి పేరొచ్చింది అక్కడే. మోర్గన్‌కి 1988 జూలైలో బోస్టన్ మేనేజర్‌గా పిలుపొచ్చింది, మొదటి 12 మ్యాచ్‌లూ గెలిచి జట్టుని డివిజన్ టైటిల్‌కి తీసుకెళ్లాడు. గ్రిల్లీ కొడుకు జేసన్ పెద్దయ్యాక పిట్స్‌బర్గ్ తరఫున ఆల్‌స్టార్ అయ్యాడు.

ఐదేళ్లు ముందుకెళ్తే 1986 వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్, బోస్టన్, న్యూయార్క్ మెట్స్ మధ్య. బోస్టన్ థర్డ్ బేస్‌లో బాగ్స్, సెకండ్ బేస్‌లో బారెట్, క్యాచర్ రిచ్ గెడ్‌మన్, సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిపించిన పిచ్చర్ బ్రూస్ హర్స్ట్. నలుగురూ ఆ రాత్రి పటకెట్ తరఫున ఆడినవాళ్లే, హర్స్ట్ అయితే చివర్లో 28 నుంచి 32 దాకా వేసినవాడు. ఎదురుగా, బోస్టన్ ఓడిపోయి గుండె పగిలిన ఆరో మ్యాచ్‌లో మెట్స్ తరఫున మొదట బంతి పట్టుకున్నవాడు ఎవరు? ఓహీడా. పటకెట్ మడి నుంచి తీసిన నారు రెండు పొలాల్లోనూ ఉంది.

ఇలా చూస్తే 1981 పటకెట్ సీజన్ బ్రహ్మాండమైన సీజన్. పట్టికలో ఆ జట్టు ఎక్కడ నిలిచిందో ఎవరికీ పట్టదు. అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది, అది చెప్పకుండా వదిలేస్తే అన్యాయం. పైకెళ్లినవాళ్లతోనే సీజన్ని కొలిస్తే, మ్యాచ్‌ని గెలిపించిన కోజా ఆ లెక్కలో సున్నా. అతనికి మేజర్స్‌లో ఒక్క మ్యాచ్, ఒక్క బంతి కూడా దొరకలేదు. అతని దగ్గర లేనిది ఏమిటి? ఆ రాత్రి చూసినవాళ్లెవరూ బాగ్స్‌నీ కోజానీ పక్కపక్కన పెట్టి ఇతను వెళ్తాడు, ఇతను వెళ్లడు అని చెప్పలేరు. కొంత ప్రతిభ తేడా ఉంది, నిజమే, ట్రిపుల్-ఎలో కర్వ్ బంతి కొట్టలేనివాణ్ణి పైన ఇంకా తేలిగ్గా అవుట్ చేస్తారు. కానీ అదృష్టం వాటా కూడా తక్కువేం కాదు, ఎవడి చీలమండ ఎప్పుడు మెలిపడుతుందన్నది ఎవరి ప్రతిభా కాదు కదా.

అందుకే డబ్బు సంగతి ముఖ్యం. పైకి వెళ్లేవాళ్లు కొద్దిమందే అని తెలిసి, వాళ్లకి ఎదురుగా నిలబడి ఆడటానికి మిగతావాళ్లు కావాలి. బాగ్స్ తయారవ్వాలంటే అతనికి అంబార్గర్ లాంటి పిచ్చర్ బంతి వేయాలి. ఆ మిగతావాళ్లకి దశాబ్దాలపాటు ఇచ్చింది సీజన్ నెలల జీతం, అదీ అరకొర. చలికాలంలో ఎవరి పని వాళ్లు వెతుక్కోవాలి, వసంతంలో ట్రైనింగ్‌కి జీతమే ఉండేది కాదు. 2018లో అమెరికా కాంగ్రెస్ ఓవర్‌టైమ్ చట్టం వీళ్లకి వర్తించకుండా మినహాయింపు కూడా ఇచ్చింది. కోర్టులో ఏళ్ల తరబడి నడిచిన కేసు 2022లో 18.5 కోట్ల డాలర్లకి రాజీ అయింది. అదే సంవత్సరం సెప్టెంబర్‌లో మైనర్ లీగర్లు యూనియన్‌లో చేరారు, 2023లో మొదటి ఒప్పందం కుదిరింది, ట్రిపుల్-ఎ కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్ల నుంచి 35,800కి పెరిగింది. డబుల్-ఎలో, అంటే ఫ్రిస్కోలో మన పిల్లలు చూసే ఆటగాళ్లకి, 13,800 నుంచి 30,250కి. ఆ ఊళ్లో ఇంటి అద్దెలు తెలిసినవాళ్లకి పెరిగాక కూడా అదెంతో అర్థమవుతుంది. ఇది చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం, అయినా న్యాయమే.

ఊళ్ల పరిస్థితి కూడా ఆటగాళ్ల లాంటిదే. 2021లో మేజర్ లీగ్ మొత్తం ఏర్పాటుని 120 జట్లకి కుదించినప్పుడు నలభైకి పైగా ఊళ్లు ఒక్కసారిగా జాబితాలోంచి పోయాయి. పటకెట్ జట్టు అదే ఏడాది మసాచుసెట్స్‌లో వుస్టర్‌కి తరలిపోయింది. మెకాయ్‌లో చివరి సీజన్ అని అభిమానులు ఎదురుచూసిన 2020 కోవిడ్ వల్ల రద్దయింది, వీడ్కోలు మ్యాచ్ కూడా లేకుండా అయిపోయింది. టెక్సస్‌లోనే గ్రాండ్ ప్రైరీలో ఎయిర్‌హాగ్స్ అనే జట్టు ఉండేది (ఇది ఏ మేజర్ జట్టు కిందా లేని స్వతంత్ర జట్టు), అది వెళ్లిపోయాక ఆ స్టేడియాన్ని క్రికెట్‌కి మార్చారు, 2024 టీ20 వరల్డ్ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది అక్కడే.

33 ఇన్నింగ్స్ రికార్డు ఇంకా అలాగే ఉంది, ఇక ఉండిపోతుంది కూడా. 2018 నుంచి మైనర్స్‌లో అదనపు ఇన్నింగ్స్ మొదలవగానే సెకండ్ బేస్‌లో ఒక రన్నర్‌ని ఊరికే నిలబెడుతున్నారు, పరుగు త్వరగా రావాలని. పిచ్చర్ల భుజాలు కాపాడటానికి తెచ్చిన నియమం అది, పై జట్లకి ఆ భుజాలు కావాలి మరి. ఇప్పుడు అంబార్గర్ లాంటివాడు బంతి అందుకున్నా రెండు మూడు అదనపు ఇన్నింగ్స్‌లోపు మ్యాచ్ తేలిపోతుంది, పన్నెండున్నరకల్లా అందరూ ఇంట్లో ఉంటారు.